చెరకు రసంలో కుడి ఎడమలు

కర్బన రసాయన శాస్త్రాన్ని ఆల్కేన్లతో మొదలుపెట్టడం ఆనవాయితీ. నర్సీపట్నం డివిజన్‌లోని కోటవురట్ల వంటి చోట ఆ పాఠానికి ఒక కొస వంటింట్లో, మరో కొస చెరకు తోటలో దొరుకుతాయి. కర్బన పరమాణువులు ఒకదానితో ఒకటి ఏకబంధాలతో గొలుసు కట్టి, మిగిలిన బంధాలన్నిటితో హైడ్రోజన్‌ను పట్టుకున్నప్పుడు ఏర్పడే పదార్థాలే ఆల్కేన్లు. ఒక కర్బనమున్న మీథేన్, మూడున్న ప్రొపేన్, నాలుగున్న బ్యూటేన్ ఈ వరుసలోవి. గ్యాస్ బండలో ద్రవంగా ఉండేవి ప్రధానంగా చివరి రెండే.

బ్యూటేన్ దగ్గర మొదటి చిక్కు ఎదురవుతుంది. నాలుగు కర్బనాలు, పది హైడ్రోజన్లు అన్న లెక్క మారకుండానే వాటిని కొమ్మలేని గొలుసుగానూ, నడిమి కర్బనానికి ఒక కొమ్మ వేసినట్టుగానూ అమర్చవచ్చు. మొదటిది −0.5 డిగ్రీల సెల్సియస్ వద్ద, ఐసోబ్యూటేన్ అనే రెండోది దాదాపు −12 డిగ్రీల వద్ద మరుగుతాయి కనుక, ఫార్ములా ఒకటే అయినా పదార్థాలు రెండు. ఇటువంటివి సాదృశ్యకాలు, అంటే ఐసోమర్లు. పెంటేన్‌కు ఇవి మూడు, డెకేన్‌కు 75. ఈ అంకెలు వల్లె వేయించడం కన్నా పిల్లలచేత చీపురుపుల్లలతో, మట్టి ఉండలతో పెంటేన్ సాదృశ్యకాలు మూడింటినీ కట్టించడం మేలు.

కొమ్మలతో నిమిత్తం లేని మరో భేదం కైరాలిటీ. కర్బనపు నాలుగు బంధాలు ఒకే తలంలో కాక చతుర్ముఖి మూలల వైపు చాచి ఉంటాయని 1874లో వాంట్ హాఫ్, లె బెల్ అనే రసాయనవేత్తలు విడివిడిగా ప్రతిపాదించారు. ఆ నాలుగింటికీ నాలుగు వేర్వేరు సమూహాలు తగిలితే, అణువూ దాని అద్దపు ప్రతిబింబమూ, దక్షిణావర్త, వామావర్త శంఖాల వలె, ఎంత తిప్పినా ఒకదానిపై ఒకటి సరిపోవు. ఆల్కేన్లలో ఈ గుణం ఏడు కర్బనాలకు గాని కనిపించదు, 3-మిథైల్‌హెక్సేన్ అటువంటిది. పాఠ్యపుస్తకాలు సాధారణంగా లాక్టిక్ ఆమ్లాన్ని చూపుతాయి గాని, చెరకు పండే నేలలో అంత దూరం పోనక్కరలేదు: సుక్రోజ్ అణువులో ఇటువంటి కర్బనాలు తొమ్మిది ఉన్నాయి.

అందుకే ఒకే తలంలో కంపించే కాంతిని, అంటే ధ్రువిత కాంతిని, సుక్రోజ్ ద్రావణం గుండా పంపితే ఆ తలం కుడివైపుకు తిరుగుతుంది. చక్కెర మిల్లులో పోలారిమీటర్‌తో కొలిచే ‘పోల్’ ఈ మలుపే. రసంలో కరిగిన మొత్తం ఘనపదార్థాన్ని తెలిపే ‘బ్రిక్స్’తో దానిని పోల్చి రసం శుద్ధతను లెక్కకడతారు. కాంతి తలపు మలుపుకు ప్రామాణిక కొలతైన విశిష్ట భ్రమణం సుక్రోజ్‌కు +66.5 డిగ్రీలు. నరికిన చెరకు నిలవ ఉంటే రసంలోని ఆమ్లాలూ ఇన్వర్టేజ్ అనే ఎంజైమూ సుక్రోజ్‌ను గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా విడగొడతాయి. గ్లూకోజ్ భ్రమణం +52.7, ఫ్రక్టోజ్‌ది సుమారు −92 డిగ్రీలు కావడంతో, వాటి సమాన మిశ్రమం దాదాపు 20 డిగ్రీలు ఎడమకు మొగ్గుతుంది. దిశ తారుమారైనందునే దానికి విలోమ చక్కెర అని పేరు.

బెల్లం వండేవారికి ఈ పేరుతో పనిలేదు. ఫలితం మాత్రం వారికే ఎక్కువ తెలుసు. విలోమ చక్కెర పెరిగితే పాకం సరిగా గట్టిపడదు, దిమ్మ చెమ్మగిల్లుతుంది. పెనంలోని రసానికి సున్నపు తేట కలపడం మడ్డిని విరవడానికే కాక, ఆమ్లత్వం తగ్గించి ఈ విచ్ఛేదనను ఆపడానికి కూడా. సున్నం మితిమీరితే బెల్లం నల్లబడుతుంది. గానుగకు చేరేలోగా విరిగిపోయిన సుక్రోజ్‌ను మాత్రం ఏ సున్నమూ తిరిగి అతికించలేదు గనుక, చెరకును నరికిన రోజే ఆడించాలి.