కేస్ షీటుపై కనిపించని సంతకం
(ఆసుపత్రి కార్మికుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

కామ్రేడ్స్! సెయిన్స్‌బరీ దుకాణాల ఉన్నతాధికారి రాయ్ గ్రిఫిత్స్ 1983లో బ్రిటిష్ ప్రభుత్వానికి ఒక నివేదిక సమర్పించాడు. జాతీయ ఆరోగ్య సేవలో అన్ని స్థాయిలలోనూ జనరల్ మేనేజర్లు ఉండాలని, వారు ఏ వృత్తివారైనా కావచ్చునని అందలి సారాంశం. బాధ్యుడెవరో తేలాలన్న ఆయన వాదనలో న్యాయం లేకపోలేదు.

కాని ఇంగ్లండులోని స్టాఫర్డ్ ఆసుపత్రిలో జరిగిందేమిటి? 2006-07లో కోటి పౌండ్ల పొదుపు కోసం యాజమాన్యం 150కి పైగా ఉద్యోగాలు కోసివేసింది. రోగులకు మంచినీళ్ళు చేతికందని దూరాన ఉండిపోయాయి. అత్యవసర విభాగంలో ఎవరిని ముందు చూడాలో శిక్షణ లేని సిబ్బంది నిర్ణయించారు. 2013 నాటి ఫ్రాన్సిస్ విచారణ నివేదిక ఈ ఘోరాలను నమోదు చేసింది. అక్కడి సీనియర్ డాక్టర్లు గట్టిగా ఎదురు నిలవలేదని కూడా తేల్చింది. ఇది మనమూ వినవలసిన మాట.

మందు రాసేది డాక్టరే. అయితే రాత్రి వార్డులో నర్సులెందరుండాలో నిర్ణయించేవాడు సైతం చికిత్సను నిర్ణయిస్తున్నాడు. అతని సంతకం మాత్రం కేస్ షీటుపై ఉండదు. రోగి మరణిస్తే సంజాయిషీ నోటీసు నర్సుకు వస్తుంది!

లెక్కలు మేనేజర్లే చూడనివ్వండి. నర్సులను, పడకలను, పరీక్షలను తగ్గించే ఏ ఉత్తర్వైనా వైద్యుల, నర్సుల లిఖిత అభిప్రాయంతో, జారీచేసినవాని పేరుతో వెలువడాలని మన కోర్కెల పత్రంలో చేర్చాలి. దీనిపై ప్రతి శాఖా సర్వసభ్య సమావేశం జరిపి తీర్మానాన్ని కేంద్ర కార్యాలయానికి పంపగోరుతున్నాను.