రేవ అంటే నర్మదేనమ్మా!



ఆవకాయ జాడీల గురించీ, పిల్లల దగ్గుల గురించీ చెప్పే ఈవిడ ఇవాళ రాక్ సంగీతం మాట్లాడుతుందా అని నవ్వుకుంటున్నారేమో. నవ్వుకోండి, ఫరవాలేదు. ఒకప్పుడు నేనూ నవ్వినదాన్నే. రాక్ అంటే జుట్టు విరబోసుకుని గొంతు చించుకోవడమే అనుకునేదాన్ని. పదో తరగతితో చదువు ఆగిపోయింది, హిందీ అంతంతమాత్రం. అయినా ఇరవై ఏళ్ళు దాటినా నన్ను వదలని క్యాసెట్టు ఒకటుంది. దాని పేరు 'కందీసా'. ఢిల్లీకి చెందిన 'ఇండియన్ ఓషన్' బృందం 2000లో తెచ్చింది.

నేను తెనాలి నుంచి హైదరాబాదుకి కాపురానికొచ్చిన కొత్తల్లో, ఢిల్లీలో చదువుకుంటున్న మా మరిది సంక్రాంతికి వస్తూ దాన్ని పట్టుకొచ్చాడు. వెళ్తూ టేప్‌రికార్డర్లోనే మరిచిపోయాడు.

అప్పటికి మా అత్తగారికీ నాకూ మాటల్లేవు. పెద్ద పోట్లాటేం కాదు. పప్పుచారులో ఇంగువ దగ్గర మొదలై ఎక్కడికో పోయింది. ఒకే వంటింట్లో ఉంటూ, "అమ్మాయిని భోజనానికి రమ్మను" అని ఆవిడా, "అత్తయ్యగారికి మజ్జిగ కావాలేమో కనుక్కోండి" అని నేనూ మా ఆయన ద్వారా చెప్పించుకునేవాళ్ళం. పాపం, ఆయన ఆఫీసుకి వెళ్ళిపోతే ఇంట్లో చప్పుడే ఉండేది కాదు.

ఆ నిశ్శబ్దం భరించలేక ఒక మధ్యాహ్నం బియ్యం ఏరుకుంటూ ఆ క్యాసెట్టు పెట్టాను. 'మా రేవా' అనే పాట వచ్చింది. అత్తగారు పూజగదిలోంచి బయటికొచ్చారు. గోల అంటారేమోనని గబుక్కున లేచి కట్టెయ్యబోయాను.

"ఉంచు," అన్నారు. గుమ్మం దగ్గరే నిలబడి కాసేపు విన్నారు. "రేవ అంటే నర్మదేనమ్మా. స్కాందంలో రేవాఖండం ఉంది," అన్నారు.

ఆవిడకు హిందీ ఒక్కముక్క రాదు. ఆ ఒక్క పేరు పట్టుకున్నారు. మూడు వారాల తర్వాత ఆవిడ నాతో అన్న మొదటి మాట అదే.

ఆ పాట కథ తర్వాత మరిది చెప్పాడు. అది నర్మద లోయలో జనం పాడుకునే పాట. ఈ బృందంలో బేస్ గిటారు వాయించే రాహుల్ రామ్ అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు చేసి వచ్చి, నర్మదా బచావో ఆందోళనలో పనిచేశాడు. అక్కడ దొరికిన పాట ఇది. క్యాసెట్టు వచ్చిన ఆ 2000వ సంవత్సరంలోనే, అక్టోబరులో, సర్దార్ సరోవర్ ఆనకట్ట పని సాగించుకోవచ్చునని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఈ సంగతి చెబితే మా అత్తగారు చాలాసేపు మాట్లాడలేదు. "అమ్మా అని పిలుచుకునే నదిలోనే వాళ్ళ ఊళ్ళు మునగాలా?" అన్నారు చివరికి. నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

అసలు అప్పట్లో ఈ మనుషులు నలుగురే. గిటారు సుస్మిత్ సేన్‌ది, డ్రమ్స్ అమిత్ కిలమ్‌వి. అషీమ్ చక్రవర్తి తబలా వాయిస్తూనే పాడేవాడు. తబలా వాయించే చేతులతోనే అంత నిండుగా ఎలా పాడగలిగేవాడో! నాకైతే కూర కలుపుతూ ఫోన్ మాట్లాడితే కూర మాడుతుంది. 1993లో వీళ్ళ మొదటి ఆల్బమూ, 1997లో ఢిల్లీలో జనం ముందు వాయించింది రికార్డు చేసిన 'డెజర్ట్ రెయిన్' వచ్చాయి. ఆ తర్వాతది ఈ 'కందీసా'.

ఇక ఆ పేరున్న పాట. ఆ భాష ఏమిటో మా ఇంట్లో ఎవరికీ తెలియలేదు. సంస్కృతమేమోనని మా ఆయన, అరబ్బీ అని మరిది. ఎదురింట్లో కొట్టాయం నుంచి వచ్చిన నర్సమ్మ ఉండేది. ఒకరోజు పాలప్యాకెట్టు కోసం వచ్చి, పాట వినపడి ఆగిపోయింది. "ఇది మా చర్చి ప్రార్థన కదా!" అంది. కేరళ సిరియన్ క్రైస్తవులు తరతరాలుగా కాపాడుకున్న సిరియాక్ ప్రార్థన అది. ఏసుప్రభువు మాట్లాడిన అరమాయిక్ భాషకు చెందిన మాటలు. 'కందీసా' అంటే పవిత్రం అని అర్థమట. గిటారు మెల్లగా మొదలై, గొంతులు ఒకదాని మీద ఒకటి లేస్తుంటే నా ఒళ్ళు జలదరిస్తుంది.

చూశారా, ఒక పక్క నర్మద, ఒక పక్క కేరళ చర్చి. 'హిల్లే లే' అయితే గోరఖ్ పాండే అనే భోజ్‌పురి కవి రాసిన కష్టజీవుల పాట. ఇవన్నీ కలిపి రుబ్బి ఒకటే పచ్చడి చేసి ఉంటే నేను ఇన్నేళ్ళు వినేదాన్ని కాదు. తబలా తబలాగానే వినిపిస్తుంది, డ్రమ్స్ డ్రమ్స్‌గానే. ఒకటి మాట్లాడుతుంటే రెండోది ఊకొడుతుంది.

అన్నీ నచ్చాయనను. 'ఖజురాహో' సాగదీశారనే నా అభిప్రాయం. మరిది ఒప్పుకోడు, వదిలెయ్యండి. కానీ 'లీవింగ్ హోమ్' ఉందే, అందులో పెత్తనమంతా గిటారుదే. పేరుకి అర్థం 'ఇల్లు విడిచి వెళ్ళడం' అని తెలిసిన రోజు తెనాలి స్టేషనులో మా అమ్మ కిటికీ పక్కన నడుస్తూ వచ్చింది గుర్తుకొచ్చి, వంటింట్లో కూర్చుని ఏడ్చాను. అత్తగారు చూసీ చూడనట్టు పొయ్యి కట్టేశారు.

2009 డిసెంబరు 25న అషీమ్ చక్రవర్తి పోయాడు. మరిది ఫోన్ చేసి చెప్పాడు. ఆవిడకు ఆ పేరు తెలియదు. "ఆ నది పాట పాడిన బృందంలో తబలా అబ్బాయి పోయాడు అత్తయ్యా," అన్నాను. "చిన్నవాడేనా?" అని అడిగి, దీపం పెట్టి వచ్చి, పాట పెట్టమన్నారు. అప్పటికి క్యాసెట్టు నలిగిపోయి, టేపు బయటికొచ్చేది. పెన్సిలు పెట్టి చుట్టి, మళ్ళీ పెట్టాను.

ఇప్పుడు టేప్‌రికార్డరు లేదు, పాట ఫోనులోనే దొరుకుతోంది. మీరు వినదలచుకుంటే 'మా రేవా'తో మొదలుపెట్టండి. ఇంట్లో పెద్దవాళ్ళుంటే వాళ్ళను కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. మా అత్తగారికి ఇప్పుడు చెవులు సరిగా వినపడవు. ఫోను ఆవిడ చెవి దగ్గర పెడతాను. రెండో చెవి చేత్తో మూసుకుని వింటారు. ఇంగువ సంగతి మాత్రం ఇంకా తేలలేదు.