మారదన్నదాన్ని మార్చి చూద్దాం
(లాలాపేట్‌లో డిగ్రీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)



లెక్కలు మనవాళ్ళకు రావనే మాట చిన్నప్పట్నించీ వింటున్నం. ఇటు ఉస్మానియా యూనివర్సిటీ, అటు లాలాగూడ రైల్వే వర్క్‌షాపు. రైలు డబ్బాల కింది స్ప్రింగులు విప్పి బిగించేది కష్టజీవుల చేతులే. ఆ స్ప్రింగు ఊగుడును చెప్పేది ద్వితీయ పరిమాణ అవకలన సమీకరణం. చేతికి తెలిసినదాన్ని పుస్తకంలో చూసి మనమెందుకు భయపడాలె?

పరీక్షల్లో వచ్చే లెక్క ఒకటి చూద్దాం. వైని రెండుసార్లు అవకలనం చేసి, దానికి వై కలిపితే సెక్ ఎక్స్ రావాలె. మొదట కుడివైపు సున్న పెడదాం. జవాబు: ఎ కాస్ ఎక్స్ + బి సైన్ ఎక్స్. ఇక్కడ ఎ, బి స్థిరరాశులు.

కుడివైపు సెక్ ఎక్స్ వచ్చి కూర్చుంటే ఈ జవాబు చాలదు. అక్కడ సైన్, కాస్ ఉంటే జవాబు రూపం ఊహించి రాయొచ్చు. సెక్ దగ్గర ఆ ఊహ పారదు. అందుకే ఎ, బిలను కూడా ఎక్స్‌తోపాటు మారనిద్దాం. ఇదే పరామితుల మార్పు పద్ధతి, వేరియేషన్ ఆఫ్ పారామీటర్స్.

తెలియనివి రెండు, సమీకరణం ఒక్కటే. కాబట్టి ఇంకో షరతు మనమే పెట్టుకోవచ్చు:

ఎ అవకలనం × కాస్ ఎక్స్ + బి అవకలనం × సైన్ ఎక్స్ = 0

మనలో చాలామంది దీన్ని వేదవాక్కు లెక్క బట్టీ పడతరు. ఎవరూ పైనుంచి దించింది కాదిది. ఎ, బిల రెండో అవకలనాలు అడ్డం రాకుండా మనం ఎంచుకున్నదే. ఇప్పుడు అసలు సమీకరణంలో పెడితే:

బి అవకలనం × కాస్ ఎక్స్ − ఎ అవకలనం × సైన్ ఎక్స్ = సెక్ ఎక్స్

రెండూ కలిపి సాధిస్తే ఎ అవకలనం మైనస్ టాన్ ఎక్స్, బి అవకలనం 1. సమాకలనం చేస్తే ఎ = లాగ్ |కాస్ ఎక్స్|, బి = ఎక్స్. ప్రత్యేక సాధన:

కాస్ ఎక్స్ × లాగ్ |కాస్ ఎక్స్| + ఎక్స్ × సైన్ ఎక్స్

దీనికి మొదటి జవాబు కలిపితే పూర్తి సాధన వచ్చినట్టే.

18వ శతాబ్దంలో ఆయిలర్, లగ్రాంజ్ ఈ ఉపాయాన్ని గ్రహాల లెక్కలో వాడిన్రు. సూర్యుడొక్కడే లాగితే గ్రహం దారి కొలతలు మారవు. మిగతా గ్రహాలు కూడా లాగుతయి కాబట్టి ఆ కొలతలు మెల్లగా మారుతయి. గ్రహాల పేరు చెప్పి మనల్ని భయపెట్టేటోళ్ళున్న దేశంలో గ్రహాల లెక్క మన పిల్లలు వేయాలె.

క్లాసులో ఈ షరతు రాగానే లేచి, "ఎందుకు సార్?" అని అడుగుదాం. జవాబు వచ్చేదాకా కూచోవద్దు.