పాత ఛాయాచిత్రములు – కన్నవారి జాడ

(శతవార్షికోత్సవ సందర్భమున సంఘస్థుల కూటములో చేసిన ప్రసంగ పాఠము)



శతవార్షికోత్సవ కమిటీవారు పాత ఫొటోలు సేకరిస్తున్నారు గనుక, ఫొటోలను గూర్చియే కొంతసేపు మాట్లాడమని నన్ను కోరినారు. నేను ఫొటోలు తీయువాడను కాను, వేదాంత కళాశాలలో ఈ విద్య మాకెవరును నేర్పలేదు. అయితే ఒకటి రెండు ఫొటోలు తప్ప తమ్మును కన్నవారిని గూర్చి వేరే ఆధారమేమియు లేనివారు ఈ లోకములో ఉన్నారు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున ఇంగ్లాండులో పుట్టిన అటువంటి వారి సంగతి మీకు చెప్పదలచినాను.

మన సంఘపు ఆడబిడ్డ ఒకామె ఆ దేశములో వృద్ధుల ఆశ్రమమున నర్సుగా ఉన్నది. ఆమె సేవ చేయు వారిలో ఎనభై దాటిన ఒక పెద్దాయన ఉన్నాడు. 1944 అక్టోబరులో పుట్టి, పసికందుగా ఉండగానే దత్తతకు పోయినవాడు. పెంచిన తల్లి చనిపోయిన తరువాత ఆమె బీరువాలో రెండు ఫొటోలు దొరికినవట. ఒకదానిలో సైనిక దుస్తులలో ఉన్న యువతి. రెండవదానిలో ఆ యువతియే, ప్రక్కన ఒక అమెరికను సిపాయి, వెనుక సముద్రము, ముళ్ళకంచె. "అయ్యగారూ, ఈ వయస్సులో ఈయన కన్నవారిని వెదకుట సరియేనా? చచ్చినవారిని ఎందుకు కదిలించుట అని ఇక్కడ కొందరు అంటున్నారు" అని ఆమె నాకు ఉత్తరము వ్రాసినది. వెదకనిమ్మని జవాబు వ్రాసినాను. ఎందుకు అట్లు వ్రాసినానో చెప్పుటకు ముందు ఆ కాలపు పరిస్థితి కొంచెము తెలిసికొనవలెను.

1942 జనవరి నుండి అమెరికను సేనలు బ్రిటనుకు రాసాగినవి. 1944 జూనులో ఫ్రాన్సు తీరమున దిగు నాటికి అక్కడ సుమారు 15 లక్షల మంది అమెరికనులు ఉన్నారు. ఆ దేశపు యువకులేమో దూరదేశములలో యుద్ధము చేస్తున్నారు. యువతులను కూడ 1941 డిసెంబరు చట్టము ప్రకారము సేవకు పిలిచినారు. ఇరువది నుండి ముప్పది ఏండ్లలోపు పెండ్లికాని స్త్రీలు సైనిక సహాయక దళములలోనో, కర్మాగారములలోనో చేరవలసి వచ్చినది. ఇల్లు విడిచిన పిల్ల, సముద్రము దాటి వచ్చిన పిల్లవాడు. రేపు ఉంటామో లేదో తెలియని రోజులు. ప్రేమలు పుట్టుటలో వింత ఏమున్నది?

అందరివీ దొంగ ప్రేమలు అనుకొనవద్దు. సుమారు 70,000 మంది బ్రిటిషు స్త్రీలు అమెరికను సైనికులను పెండ్లాడినారు. కాని సైనికుడు పెండ్లి చేసికొనుటకు తన పై అధికారి అనుమతి తప్పనిసరి. నల్లజాతి సైనికుడు తెల్లజాతి పిల్లను చేసికొనుటకు ఆ అనుమతి దాదాపు ఎప్పుడును దొరకలేదు. అప్పటికి అమెరికాలో అనేక రాష్ట్రములలో అటువంటి పెండ్లి చట్టవిరుద్ధము. ఆ చట్టములు 1967లో గాని సుప్రీము కోర్టు తీర్పుతో కొట్టుబడలేదు. ఆ విధముగా పుట్టిన నల్లజాతి సైనికుల బిడ్డలే సుమారు 2,000 మంది అని చరిత్రకారుల అంచనా. వారిలో కొందరిని సోమర్సెట్ ప్రాంతమున హోల్నికోట్ అను పెద్ద బంగళాలో ఉంచి పెంచినారు. పెండ్లి చేసికొందుమని అడిగినవారిని కాదని, తరువాత ఆ బిడ్డలను పాపపు బిడ్డలని పిలిచిన లోకము అది.

పుట్టుక రిజిస్టరులో ఇటువంటి బిడ్డకు తండ్రి పేరుండు గడి ఖాళీగా ఉండేది. తండ్రి స్వయముగా వచ్చి తల్లితో కూడ సంతకము చేస్తేనే ఆ పేరు వ్రాసేవారు. సిపాయి అప్పటికి నార్మండీలోనో, సమాధిలోనో ఉండెను. దత్తత జరిగిన పిమ్మట తల్లి పేరు కూడ మూతబడేది. 1975లో చేసిన చట్టము వలన గాని ఇంగ్లాండు దత్తపుత్రులకు తమ మొదటి జనన పత్రము చూచుకొను హక్కు రాలేదు. మన పెద్దాయనకు అప్పటికి ముప్పది దాటినవి.

ఇందులో దేవాలయములకు సంబంధము లేదని నేను చెప్పలేను. పెండ్లికాని తల్లులను ఉంచిన ఆశ్రమములనేకము క్రైస్తవ సంఘములు నడిపినవే. యుద్ధము తరువాత 1949 నుండి 1976 వరకు ఇంగ్లాండు, వేల్సులలో సుమారు 1,85,000 మంది బిడ్డలను పెండ్లికాని తల్లుల యొద్దనుండి తీసికొని దత్తతకు ఇచ్చినారని పార్లమెంటు కమిటీ 2022లో వెల్లడించినది. యుద్ధకాలపు బిడ్డలు ఆ లెక్కలో లేరు. తమ సంస్థల వంతు తప్పుకు కథోలిక సంఘము పక్షముగా కార్డినలు విన్సెంటు నికోల్సు 2016లో క్షమాపణ చెప్పినారు. గుట్టు కాపాడినామని మనము అనుకొంటాము. ఎవరి గుట్టు అన్నది అడుగవలసిన ప్రశ్న.

ఇక ఫొటోలకు వస్తాను. సైనిక దుస్తులలో తీసిన ఫొటో చదువవలసిన కాగితము వంటిది. చేతిపై పట్టీలు చూడుడి. వాటి మొన పైకి ఉంటే అమెరికనుడు, క్రిందికి ఉంటే బ్రిటిషువాడు. రెండు పట్టీలుంటే కార్పొరలు. అమెరికను సిపాయి ఎడమ భుజముపై గుడ్డతో కుట్టిన గురుతు అతని డివిజనును తెలుపుతుంది. డేగ తల ఉంటే 101వ విమాన దళము. రెక్కలు గల 8 అంకె ఉంటే తూర్పు ఇంగ్లాండు మైదానములనుండి బాంబులు వేయబోయిన ఎనిమిదవ వైమానిక సేన. డాలుపై ఒకటి అంకె ఉంటే మొదటి పదాతి డివిజను. వారు 1944 వసంతమున డార్సెట్ ప్రాంతములో ఉన్నారు. కాలరుపై గుండ్రని బిళ్ళలో రెండు తుపాకులు అడ్డముగా ఉంటే పదాతి సైనికుడు, రెండు జెండాలుంటే వార్తలు చేరవేయు దళమువాడు. ఎడమ చేతి క్రిందిభాగమున చిన్న అడ్డగీతలుంటే ఒక్కొక్కటి ఆరు నెలల విదేశ సేవకు గురుతు.

ఒక హెచ్చరిక. కొన్నిసార్లు నెగెటివును తిరగవేసి అచ్చు తీస్తారు. అప్పుడు ఎడమ కుడి అవుతుంది, అక్షరములు అద్దములోవలె కనబడతవి. గుండీలు ఏ ప్రక్కకు ఉన్నవో మొదట చూడవలెను. స్నేహితుని కోటు తొడుగుకొని ఫొటోకు నిలిచిన చిన్నవారు మన ఊళ్ళలోనూ ఉన్నారు, అక్కడనూ ఉండిరి.

మన సహోదరి పంపిన నకలు చూచి, ఆ సంగతులు తెలిసినవారిని అడిగి, నేను గ్రహించినది ఇది. ఆ యువతి ధరించినది ఎ.టి.ఎస్. అనబడు స్త్రీల సహాయక దళపు దుస్తులు. ఎడమ జేబు పైన మంట లేచు గుండు చిహ్నము ఉన్నది. అనగా శత్రు విమానములను కొట్టు ఫిరంగుల దళముతో పనిచేసినది. ఆ స్త్రీలు ఫిరంగి పేల్చరు గాని, విమానము ఎంత దూరమున, ఎంత ఎత్తున ఉన్నదో కొలిచి చెప్పేవారు. రాత్రంతా మేలుకొని చేయు పని. సిపాయి భుజముపైన సగము నలుపు, సగము తెలుపుగా కనబడు గుండ్రని గురుతు. అది నీలము, బూడిద రంగులు కలిసిన 29వ డివిజను చిహ్నము; వెనుకటి అంతర్యుద్ధమున పోరాడుకొన్న ఉత్తర, దక్షిణ ప్రాంతములవారు కలిసినారనుటకు సూచన. ఆ డివిజను 1942 అక్టోబరులో ఇంగ్లాండు చేరి, 1943 నుండి డెవన్, కార్న్‌వాల్ ప్రాంతములలో శిక్షణ పొందినది. 1944 జూను 6న ఒమాహా తీరమున మొదటి వరుసలో దిగినవారిలో వారున్నారు. వర్జీనియా రాష్ట్రమున బెడ్‌ఫర్డ్ అను చిన్న పట్టణము ఆ దినమున ఎందరో కుమారులను పోగొట్టుకొన్నది. అందుకే అమెరికావారి జాతీయ స్మారకమును 2001లో అక్కడనే ప్రతిష్ఠించినారు.

ఫొటో వెనుక పెన్సిలుతో "ఏప్రిల్ 1944" అని మాత్రము ఉన్నది. పేరు లేదు. కాని లెక్క వేయుడి. అక్టోబరులో పుట్టిన బిడ్డ ఏప్రిల్ నాటికి తల్లి గర్భములో మూడవ నెలలో ఉండవలెను. ఈ మాట మన సహోదరి ఆ పెద్దాయనతో చెప్పగా, ఆయన చాలాసేపు ఫొటో పట్టుకొని, "అయితే దీనిలో ముగ్గురమున్నాము" అన్నాడట.

పేరు ఇంకను దొరకలేదు. 1973 జూలై 12న అమెరికాలో సెయింట్ లూయిసు నగరపు సైనిక రికార్డుల భవనము అగ్నికి ఆహుతియైనది. 1 కోటి 60 లక్షల నుండి 1 కోటి 80 లక్షల వరకు ఫైళ్ళు కాలిపోయినవి. 1912 నవంబరు నుండి 1960 జనవరి వరకు సైన్యము విడిచినవారి ఫైళ్ళలో నూటికి 80 పోయినవి. వాటికి నకళ్ళు లేవు. మిగిలిన వాటినైనను బిడ్డలకు చూపుటకు చాలాకాలము అధికారులు ఒప్పుకొనలేదు. తండ్రుల ఏకాంతమునకు భంగమన్నారు. ఇంగ్లాండులోని ఈ బిడ్డలు పెద్దవారై, సంఘముగా కూడి, అమెరికాలో వ్యాజ్యము వేసి, తండ్రి ఉన్న ఊరు, రాష్ట్రము తెలుపుటకు 1990లో అధికారులను ఒప్పించినారు. ఇప్పుడు రక్తసంబంధము తెలుపు డి.ఎన్.ఎ. పరీక్ష ఉన్నది. పరీక్ష అమెరికాలో ఒక ఇంటిని చూపగలదు గాని, ఆ ఇంటి ముగ్గురు అన్నదమ్ములలో తండ్రి ఎవరో తేల్చుట చాలాసార్లు దానివల్ల కాదు. ఎవరు ఏ డివిజనులో, ఏ నెలలో ఎక్కడ ఉన్నారో అప్పుడు మరల ఫొటోయే చెప్పవలెను. ఆ పెద్దాయన పరీక్షకు ఇచ్చి ఎదురుచూస్తున్నాడు.

నిజమునకు ఈ వెదకువారు అడిగేది డివిజను సంఖ్య కాదు. వారొకరినొకరు ప్రేమించినారా అన్నదే వారి ప్రశ్న. దానికి ఏ గురుతూ జవాబు చెప్పదు. ఫొటో తీయునప్పుడు అందరును నవ్వుతారు. అయినను నేను ఒకటి గమనించినాను. బిడ్డను అప్పగించిన తల్లి ఆ రెండు ఫొటోలను కూడ అప్పగించినది. పెంచిన తల్లి వాటిని కాల్చివేయక, చూపకను, చచ్చువరకు దాచినది. ఆ ఇద్దరు స్త్రీలు తెలియనివ్వకూడదని నిశ్చయించుకొని ఉంటే ఒక అగ్గిపుల్ల చాలును. "తల్లి గుట్టు బయటపెట్టుట పాపము కాదా?" అని అడుగువారికి నా జవాబు అదే. తల్లి బ్రతికి ఉన్నచో ముందు ఆమెకు మరొకరి ద్వారా కబురు పంపి, ఆమె ఇష్టము తెలిసికొని అడుగు వేయవలెను. అందులో నాకు సందేహము లేదు. కాని కన్నవారెవరని అడిగిన బిడ్డను కృతఘ్నుడని అనుట న్యాయము కాదు. పెంచినవారి మీద ప్రేమ తగ్గి ఎవరును ఆ ప్రశ్న అడుగరు.

మన యింటి సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. మన బోర్డింగు పాఠశాలల గ్రూపు ఫొటోలు, ఆసుపత్రి నర్సుల ఫొటోలు, పట్టాలములో పనిచేసిన మీ తాతల ఫొటోలు కమిటీవారికి తెస్తున్నారు, సంతోషము. దయచేసి చట్రములో పట్టుటకు అంచులు కత్తిరించవద్దు. స్టూడియో పేరు, ఊరు ఆ అంచున గాని వెనుక గాని ఉంటవి. అట్టకు జిగురుతో అంటించవద్దు. వెనుక బాల్‌పెన్నుతో గాక మెత్తని పెన్సిలుతో, తెలిసినంత మట్టుకు పేర్లు ఎడమనుండి వరుసగా వ్రాయుడి, సంవత్సరము వేయుడి. తెలియని ముఖము వచ్చినచోట దాటిపోక, "తెలియదు" అని వ్రాసి ఖాళీ ఉంచుడి. ముందు వరుసలో కూర్చున్న ఆ పిల్ల ఎవరో చెప్పగల ముసలమ్మలు ఇద్దరు ముగ్గురు ఈ కూటములోనే ఉన్నారు. భోజనముల తరువాత వారిని లేవనివ్వకుండ ఆ బల్ల దగ్గర కూర్చుండబెట్టుడి.