ముప్పై మాటల్లో మన గొంతు

(మహిళా కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



కరపత్రం వెయ్యాలంటే కాగితం, ప్రెస్సు, డబ్బు కావాలి. పత్రికలో వార్త రావాలంటే విలేకరి రాయాలి. సెల్‌ఫోన్‌లో నాలుగు ముక్కలు రాసి లోకానికి చెప్పడానికి ఇవేవీ అక్కర్లేదు. 2006లో ట్విట్టర్‌గా మొదలై, 2023లో ఎక్స్‌గా పేరు మారిన వేదిక అలాంటిదే. మొదట 140 అక్షరాలకే చోటుండేది. 2017లో 280 చేశారు. అయితే ఆ లెక్కలో గుణింతాలూ ఒత్తులూ విడివిడిగా పడతాయి. ‘స్త్రీ’ మనకు ఒక్క అక్షరం, దానికి ఆరు! అంటే డబ్బు కట్టని ఖాతాలో తెలుగులో మనకు దొరికేది సుమారు 30 మాటలు.

ఆ 30 మాటల్లో ఏం రాయాలి? ‘స్త్రీల సమస్యలు పరిష్కరించాలి’ అని రాస్తే ఎవరూ జవాబు చెప్పరు. ‘మా వాడలో బోరు చెడి పది రోజులైంది. 40 ఇళ్ల ఆడవాళ్లం కిలోమీటరు నడిచి నీళ్లు తెస్తున్నాం. ఎప్పుడు బాగు చేయిస్తారో పంచాయతీ కార్యదర్శి చెప్పాలి’ అని ఊరిపేరు, తేదీతో రాస్తే తప్పించుకోవడం కష్టం.

అమెరికాలో తరానా బర్క్ అనే నల్లజాతి కార్యకర్త 2006లోనే ‘మీ టూ’ అంటూ పని మొదలుపెట్టారు. 2017లో ఆ మాట ఇంటర్నెట్‌లో దేశదేశాలకూ పాకింది. 2018లో మన పత్రికా, సినిమా రంగాల స్త్రీలూ నోరు విప్పారు. కానీ ఇళ్లలో పనిచేసేవాళ్ల గొంతు, కూలి స్త్రీల గొంతు అందులో పెద్దగా వినపడలేదు. ఫోను మన చేతిలో ఉంది గనక వాళ్ల బదులు మనమే మాట్లాడేస్తే, అదీ ఒక పెత్తనమే.

కాబట్టి ఆమె కథ ఆమెది. రాయాలో వద్దో ఆమె చెప్పాలి. రాసింది ఆమెకు చదివి వినిపించాలి. వద్దంటే ఆపెయ్యాలి. ఒకసారి బయటికెళ్లిన మాటను మనం తీసేసినా, ఎవరో దాచుకునే ఉంటారు. రేపు ఆ ఊళ్లో బతకాల్సింది ఆమె. అత్యాచారానికి గురైన స్త్రీ ఎవరో తెలిసేలా ఆమె రాతపూర్వక అనుమతి లేకుండా బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం కూడా. పేరు రాయకపోయినా ఊరు, భర్త, ఉద్యోగం రాస్తే చాలు, పోల్చుకుంటారు.

మనకూ ప్రమాదం లేకపోలేదు. 2012లో మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ఫేస్‌బుక్‌లో ఒక మాట రాసినందుకు ఒకమ్మాయినీ, దాన్ని మెచ్చినందుకు మరో అమ్మాయినీ అరెస్టు చేశారు. అందుకు వాడిన 66ఎ సెక్షన్‌ను 2015లో సుప్రీంకోర్టు కొట్టేసింది. తిట్లూ బెదిరింపులూ మాత్రం ఆగలేదు. వస్తే చెరిపెయ్యకండి. తేదీతో సహా ఫొటో తీసి ఉంచి, సైబర్ నేరాల జాతీయ పోర్టల్‌లో ఫిర్యాదు చెయ్యండి. ఖాతా సంఘం పేరున తెరవండి. బాధ్యత ఇద్దరికి అప్పగించండి. తిట్లన్నీ ఒక్కరే మొయ్యకూడదు.

భోజనాలయ్యాక తలా ఒక కాగితం తీసుకుందాం. మీ ఊరి సమస్య ఒకటి 30 మాటల్లో రాయండి. ఫోనులోకి ఎక్కించేది ఇవాళ కాదు. ఊరెళ్లి, అది ఎవరి గురించో వాళ్లకు చదివి వినిపించాకే.