ముదిమిలో నేర్చిన ఆట

నేడు నేను గాల్ఫు అను ఆటను గూర్చి ముచ్చటింపదలచినాను. ముప్పదిమూడేండ్లు పల్లెటూరి బడిలో శబ్దములను, ధాతువులను వల్లెవేయించిన తెలుగు పండితునకు ఈ ఆటతో నేమి పని యని మీరు నవ్వుకొనవచ్చును. మా యింటిలోనివారు మీకంటె ముందే నవ్వినారు. అయినను అఱువదియేండ్లు దాటినపిదప నేనొక విద్యకు శిష్యుడనై, అందులో మందబుద్ధి ననిపించుకొని, ఒకమాఱు విడిచిపెట్టి మరల చేపట్టిన వృత్తాంతము మీవంటి పెద్దలకు చెప్పదగినదని తోచినది.

ఆట యెట్టిదో ముందు చెప్పవలెను. చిన్ననాడు మనమందఱము బిళ్లంగోడు ఆడినవారమే. గోడుతో బిళ్లను కొట్టి, అది యెంతదూరము పోవునో చూచుటయే అందలి సంతోషము. గాల్ఫులో బిళ్లకు బదులు గట్టి తెల్లని బంతి యుండును. దాని బరువు 46 గ్రాములకు మించరాదు. గోడునకు బదులు పొడవైన కఱ్ఱలుండును. దూరమునుబట్టి ఒక్కొక్కటి వాడుటకు వీలుగా 14 వఱకు సంచిలో నుంచుకొనవచ్చును. ఒకచోట బంతి నుంచి కొట్టుచు పోయి, వందల గజముల దూరముననున్న యొక గుంతలో దానిని పడవేయవలెను. ఆ గుంత వెడల్పు నాలుగుంబావు అంగుళములు మాత్రమే. ఇట్టి గుంతలు 18. అన్నింటిని ముగించునప్పటికి నాలుగైదు మైళ్ల నడక యగును. ఎవరు తక్కువ దెబ్బలతో ముగింతురో వారు గెలిచినవారు. ఒక్కొక్క గుంతకు నేర్పరి యెన్ని దెబ్బలు వేయవలెనో ముందే నిర్ణయించియుందురు. దానిని పారు అందురు. పెద్ద మైదానములలో ఆ మొత్తము సాధారణముగా 72.

ఇది దొరల ఆటయని మనకొక తలంపు. పుట్టుకచేత నిది స్కాట్లండు దేశపు సముద్రతీరమున గొఱ్ఱెలు మేయు ఇసుక బయళ్లలోని యాట. జనులు విలువిద్య మాని దీనివెంట పడుచున్నారని 1457లో అచటి ప్రభుత్వము దీనిని నిషేధించెను. గుంతలు 18 అను లెక్క సెంటాండ్రూసు అను నూరిలో 1764లో ఏర్పడినది. ఆ యూరి పాత మైదానము నేటికిని ఊరుమ్మడి బయలే. ఆదివారమునాడు సాధారణముగా నచట ఆట యుండదు. ఊరివారు పిల్లలతో, కుక్కలతో ఆ పచ్చికమీద షికారు చేయుదురు. మన ఊరి మందబయలువంటిదే యనుకొనుడు. మన దేశమునకు ఈ యాట వచ్చుటయు నిన్నమొన్నటి మాట గాదు. కలకత్తాలోని గాల్ఫు సంఘము 1829లో స్థాపింపబడినది. బ్రిటిషు దీవులకు వెలుపల పుట్టిన గాల్ఫు సంఘములలో అదియే మొదటిది.

ఇక నా సంగతి. ఉద్యోగవిరమణానంతరము విశాఖపట్టణములో మా కుమారునియింట చేరితిని. బడిలేని పంతులు ఇంటివారి కెంత భారమో మీకు వేఱుగా చెప్పనక్కఱలేదు. లేచినది మొదలు మనుమని వ్రాతలో తప్పులు, కోడలి వంటలో ఉప్పు, వార్తాపత్రికలో భాష, వీనిని దిద్దుటయే నా పనియయ్యెను. నా యవస్థ చూచియో, తన కుమార్తె యవస్థ చూచియో, మా వియ్యంకులు ఒకనాటి వేకువను వచ్చి, “బావగారూ, చెప్పులు విడిచి బూట్లు తొడగండి, పోదాం” అన్నారు. ఆయన పదేండ్లనుండి ఆడుచున్నవారు. సంచి మోయుటకు వచ్చిన యువకుడు నా చేతులను కఱ్ఱమీద సరిగా అమర్చి, “తల ఎత్తకండి మాస్టారూ, బలం పెట్టకండి, కర్ర బరువే కొడుతుంది” అని చెప్పినాడు. నేను తల యెత్తితిని, బలమును పెట్టితిని. ఎనిమిదిమాఱులు కఱ్ఱ గాలిని కోసెను. బంతి కదలలేదు. ఆ యువకుడు నవ్వియుండినచో నాకు కొంత ఊరటగా నుండెడిది. అతడు నవ్వలేదు. మొద్దు విద్యార్థిమీద జాలిపడు ఉపాధ్యాయునివలె చూచినాడు.

ఆఱవ దినముననో ఏడవ దినముననో ఒక దెబ్బ తగిలినది. సరిగా తగిలిన దెబ్బకు చేతులలో ఏమియు తెలియదు. అదురు లేదు, బరువు లేదు. ఒక చిన్న శబ్దము వినబడును. తల యెత్తి చూచునప్పటికి బంతి సముద్రమువైపు ఆకాశమున పోవుచుండును. ఆ దినమున నేను వేసిన నూటికిపైబడిన దెబ్బలలో అట్టిది ఒక్కటియే. ఇంటికి వచ్చి రెండు పూటలు దానినిగూర్చియే చెప్పితిని. ఉప్పు మాట మఱచితిని. మా కోడలు ఆనాడే ఈ యాటకు పక్షపాతి యైనది.

ఒక సంవత్సరము గడచినపిమ్మట సంఘమువారు పోటీ యొకటి పెట్టిరి. వేసిన ప్రతి దెబ్బయు లెక్కించి కూడెడి పాతపద్ధతి. ఏడవ గుంతకడ నా బంతి ఇసుకపల్లములో పడినది. ఆటకు అడ్డముగా నుండుటకై ఇట్టి పల్లములు కావలెననియే ఏర్పఱతురు. ఏడు దెబ్బలు వేసినగాని బంతి బయటికి రాలేదు. వెనుక నలువురు తమవంతుకై నిలుచుండి చూచుచున్నారు. పారు నాలుగైన ఆ గుంతకు నాకు పదకొండు దెబ్బలు పట్టెను. పిదప చేతులు స్వాధీనములో లేవు. సాయంకాలము ఫలకముమీద అందఱి పేర్లును, దెబ్బల మొత్తమును వ్రాసి పెట్టిరి. చిట్టచివర నా పేరు, దానికెదురుగా 131. మరునాడు కఱ్ఱల సంచిని అటకమీద పెట్టించితిని. మోకాలు నొప్పి యని వియ్యంకులతో అబద్ధమాడితిని. నాలుగు నెలలు ఆ వంకకు పోలేదు. ఇంటిలో ఉప్పు మాట మరల మొదలయ్యెను.

ఆ నాలుగవ నెలలో మా స్వగ్రామమున పెండ్లికి పోయితిని. అచట నా పాత శిష్యుడొకడు కనబడినాడు. ఎనిమిదవ తరగతిలో చదువు మాని, జీడిమామిడితోట పెంచుకొని బాగుగానే యున్నవాడు. నాకు తాంబూల మందించుచు, మాటవరుసకు “ఎందుకు మానినావురా చదువు?” అని నేనడుగగా, వాడు నవ్వి, “మీరు పరీక్ష కాగితాలు పంచేటప్పుడు తక్కువ మార్కులవాళ్లవి ముందు గట్టిగా చదివేవారు మాస్టారూ. నాది ఎప్పుడూ మొదటిదే. ఆ తరువాత మీరు ఏ పాఠం చెప్పినా నాకు వినబడేది కాదు” అన్నాడు. అందులో కోపము లేదు. నిన్నటి వానను గూర్చి చెప్పినట్లు చెప్పినాడు. అట్లు చదివినచో పౌరుషము వచ్చి బాగుపడుదురని ముప్పదిమూడేండ్లు నేను నమ్మితిని. తమలపాకు చేతిలోనే యుండిపోయినది. ఫలకముమీది నా పేరు కన్నులయెదుట నిలిచినది.

తిరిగివచ్చి వియ్యంకులకు నిజము చెప్పితిని. ఆయన, మోకాలి సంగతి తనకు మొదటినుండియు తెలియుననిరి. పిదప బాబీ జోన్సు అను అమెరికా దేశస్థుని కథ చెప్పిరి. ఆయన అట్లాంటా నగరపు న్యాయవాది; పోటీలలో డబ్బు పుచ్చుకొనక వినోదమునకే ఆడినవాడు. 1921లో తన 19వ యేట సెంటాండ్రూసులో జరిగిన బ్రిటిషు ఓపెను పోటీలో, తొమ్మిది గుంతలకు 46 దెబ్బలు వేసి, పదకొండవ గుంతకడ ఇసుకపల్లములో చిక్కుకొని, విసిగి పోటీ విడిచి పోయినాడు. ఆ పనికి ఆయన తరువాత మిక్కిలి సిగ్గుపడెను. ఆఱేండ్లకు, 1927లో, అదే యూరిలో అదే పోటీ గెలిచినాడు. 1930లో బ్రిటను, అమెరికాల నాలుగు పెద్ద పోటీలును ఒక్క సంవత్సరమున గెలిచి, 28వ యేట పోటీలనుండి విరమించినాడు. 1958లో సెంటాండ్రూసు పురజనులు ఆయనకు తమ పౌరసత్వమిచ్చి గౌరవించిరి. అంతటివాడు ఇసుకపల్లమునుండి పాఱిపోయినాడని వినుట నాకు హాయిగా నుండెను. దీనిని దాచను.

అయితే నన్ను మరల మైదానమునకు తీసికొనిపోయినది ఆ కథ గాదు, ఒక వైద్యుని లెక్క. స్టేబుల్‌ఫోర్డు అను ఆంగ్లేయ వైద్యుడు, నావంటివారు ఒకటి రెండు గుంతలకడ చెడినంతమాత్రమున ఆనాటి యాటయంతయు పాడై ఇంటికి పోవుట చూచి, వేఱొక పద్ధతి కల్పించెను. 1932లో లివర్‌పూలు సమీపమున వాలసీ అనుచోట దానితో పోటీ జరిపిరి. అందులో దెబ్బలు కూడరు. పారుతో సరిగా ముగించిన రెండు గుణములు. ఒకటి ఎక్కువైన ఒక గుణము. ఒకటి తక్కువైన మూడు. పారుకంటె రెండు దెబ్బలు మించినచో సున్న. పదకొండు వేసినను సున్నయే, ఇరువది వేసినను సున్నయే. సున్నకు దిగువ మఱేమియు లేదు. బంతి జేబులో వేసికొని తరువాతి గుంతకు నడువవచ్చును.

దీనితోపాటు బలాబలములను సమముచేయు లెక్క యొకటి కలదు, హాండికాపు అందురు. నేర్పు తక్కువవానికి కొన్ని దెబ్బలు ముందే మినహాయింతురు. గరిష్ఠము 54. అందుచేత నాబోటివాడు ఇరువదియేండ్ల ఆటగానితో సరిసమానముగా ఆడవచ్చును; కుస్తీలో ఇది సాధ్యమా? ఈ లెక్కను 2020లో ప్రపంచమునకంతకు నొకటిగా చేసినారు. ఆటగాని కడపటి ఇరువది ఆటలలో మిక్కిలి మంచివగు ఎనిమిదింటినే తీసికొని సరాసరి కట్టుదురు. తక్కిన పండ్రెండింటిని లెక్కలోనికి తీసికొనరు. ఈ మాట వినినప్పుడు నేను మా వియ్యంకులను రెండుమాఱు లడిగితిని, పండ్రెండేనా యని. విద్యార్థి యొక్క ఇరువది పరీక్షలలో పండ్రెండింటిని చూడక విడిచిన ఉపాధ్యాయుని నేనెఱుగను. నేనైతే ఆ పండ్రెండే చదివియుందును.

మరల మొదలుపెట్టినపిదప కొన్ని అలవాట్లు చేసికొంటిని. వారములో ఒకనాడు దెబ్బలు లెక్కింపను. కాగితము, పెన్సిలు ఇంటనే యుండును. ఎండ ముదిరినచో తొమ్మిది గుంతలతో ముగింతును. ప్రతిదినము జరిగిన మంచిదెబ్బ నొక్కదానిని, ఒక్క వాక్యములో, పాత హాజరు పుస్తకములో వ్రాసికొందును. కొన్నిదినములకు వ్రాయుట కేమియు దొరకదు. అప్పుడు ఆకాశము ఎట్లున్నదో వ్రాయుదును. మఱొకటి కూడ కనుగొంటిని. పారు లెక్కలో ఒక్కొక్క గుంతకు రెండు దెబ్బలు, గుంతచుట్టునున్న నున్నని పచ్చికమీద బంతిని మెల్లగా దొర్లించుటకే విడిచిపెట్టినారు. అనగా 72లో 36. అందు బలముతో పనిలేదు. నేల వాలు చూచు కన్ను, తొందరపడని చేయి చాలును. పొలములో నీరు ఎటు పాఱునో చూచి చెప్పగల పెద్దలు మీలో నెందఱో కలరు. ఆ కన్నే ఇచట కావలెను. యువకులు దూరముకొట్టుటకు అర్ధదినము గడుపుదురు. నేను రోజున కరగంట ఈ దొర్లించుట అభ్యసింతును. సంచి మోయు ఆ యువకుడే నాకిప్పటికిని గురువు. అతడు తప్పును ఒక్కమాఱే చెప్పును, అదియు నా చెవికి మాత్రమే వినబడునట్లు.

ఈ యాటకు విస్తారమైన నేల కావలెను, నీరు కావలెను, సభ్యత్వమునకు ధనము కావలెను. నీరు కఱవైన యూళ్లలో పచ్చికకు తడిపెట్టుట చూచిన రైతుకు కోపము వచ్చుట న్యాయమే. నేను మా కుమారుని సొమ్ముతో, వియ్యంకుల చలువతో ఆడుచున్నాను. ఈ మాట దాచుటకు వీలులేదు. మీరందఱు గాల్ఫు ఆడవలెనని నేను చెప్పుటలేదు.

క్రిందటి మాసమున ఆ జీడిమామిడితోట శిష్యుడు పనిమీద పట్టణమునకు వచ్చి, మా యింట దిగినాడు. వేకువను నావెంట మైదానమునకు వచ్చి, చేతులు వెనుకకు కట్టుకొని నాతోపాటు నడచినాడు. ఆఱు గుంతలకు నాకు తొమ్మిది గుణములు వచ్చినవి. నావంటివానికి తక్కువ గాదు. ఏడవ గుంతకడ బంతి మరల ఆ ఇసుకలోనికే పోయినది. నాలుగుమాఱులు కొట్టితిని. రాలేదు. చేతితో తీసి, ఇసుక దులిపి, జేబులో వేసికొంటిని. లెక్క వ్రాయు మా వియ్యంకులు దూరమునుండి, “ఎంత బావగారూ?” అని కేక వేసినారు. శిష్యుడు నా ప్రక్కనే యున్నాడు. “సున్న” అని గట్టిగా చదివితిని.

వాడు నావంక చూచి, “ఇంకా ఎన్ని ఉన్నాయి మాస్టారూ?” అన్నాడు.

పదకొండు గుంతలున్నవని చెప్పితిని. సంచి వాడే భుజమున వేసికొని ముందు నడచినాడు.