పురపాలనలో యంత్రవిద్య
(బెంగుళూరు తెలుగు కుటుంబముల ఉగాది సభలో చేసిన ప్రసంగపాఠము)



పచ్చడి తిని, పంచాంగము విన్న తరువాత ప్రసంగమనగానే కొందరికి కునుకు పట్టుట సహజము. కావున ఎక్కువసేపు మాట్లాడము. మన పిల్లల ఉద్యోగములను గూర్చి మాత్రము కొంత మనవి చేయదలచినాము.

ఈ ఊరిలో మనము తరతరములుగా ఉన్నవారము. మన పూర్వులలో కొందరు సేద్యమునకు, కొందరు వ్యాపారమునకు, కొందరు మిల్లు పనులకు వచ్చినారు. నేడు ఇంజనీరు లేని ఇల్లు మనలో అరుదు. కాని వారిలో నగరపాలక సంస్థలోనో, నీటి సరఫరా మండలిలోనో పనిచేయువారిని వ్రేళ్ళమీద లెక్కించవచ్చును. పెండ్లి సంబంధము మాట్లాడునప్పుడు వరుడు సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉన్నాడనిన రెండవసారి కాఫీ వచ్చును. కార్పొరేషన్‌లో అసిస్టెంట్ ఇంజనీరు అనినచో, "పై సంపాదన ఏమైనా కలదా?" అని చెవిలో అడుగుదురు. అడుగువారు పరాయివారు కారు, మనవారే. లంచమును ఆశించి పిల్లనిచ్చి, కొళాయిలో నీరు రానప్పుడు లంచగొండులని తిట్టుటలో మనకు వింత తోచదు.

విశ్వేశ్వరయ్యగారిని మనవారని చెప్పుకొనుటకు మనమెన్నడును వెనుకాడము. ఆయన ఇంటిపేరైన మోక్షగుండము గిద్దలూరు ప్రాంతపు ఊరు. పూర్వులు అక్కడినుండి మైసూరు సీమకు తరలివచ్చినారు. ఆయన పుట్టినది చిక్కబళ్ళాపురము వద్ద ముద్దేనహళ్ళిలో. ఏటేటా సెప్టెంబరు 15న పటమునకు పూలదండ వేయుదుము. కాని ఆయన తొలి ఉద్యోగమేమి? 1884లో బొంబాయి ప్రభుత్వపు పబ్లిక్ వర్క్స్ శాఖలో అసిస్టెంట్ ఇంజనీరు. అనగా మనము పెదవి విరుచు ఉద్యోగమే!

కృష్ణరాజసాగరము సంగతి అందరికిని తెలిసినదే. మేము చెప్పదలచినది అంతకు చాల ముందు, 1894-95 ప్రాంతములో, సక్కరు పట్టణములో జరిగిన పని. ఆ పట్టణము నేడు పాకిస్తానులోని సింధు రాష్ట్రములో ఉన్నది. అక్కడి మునిసిపాలిటీ సింధునది నీటిని ఊరికి అందింపదలచినది. నీరేమో బురద; వడపోత తొట్లు కట్టుటకు మునిసిపాలిటీ వద్ద డబ్బు చాలదు. ఆయన నది ఇసుకలోనే బావి త్రవ్వించినారు. ఇసుకలోనుండి ఊరిన నీరు తేటగా వచ్చినది. అది చాలకపోవుటచేత బావినుండి నది అడుగునకు సొరంగము తీయించి ఊటను పెంచినారు. మనము గమనింపవలసినది ఆ బీద మునిసిపాలిటీ ఖజానా పుస్తకమును ఆయన చదివిన తీరును. డబ్బు లేదని పని మానలేదు. లేని డబ్బుకు పథకము వ్రాయలేదు. నాయకత్వమనిన వేదికపై మాటలాడుట మాత్రమేనని తలచువారికి సక్కరు బావి వింతగా తోచవచ్చును.

హైదరాబాదులోను అంతే. 1908 సెప్టెంబరులో మూసీనది పొంగి నగరమును ముంచిన తరువాత నిజాం ప్రభుత్వము ఆయనను పిలిపించినది. ఎగువన జలాశయములు కట్టవలెనని చెప్పుటతో ఆయన ఆగలేదు. నగరపు మురుగు పారుదలకు కూడ పథకము తయారుచేసినారు. ఉస్మాన్‌సాగరము 1920లోను, హిమాయత్‌సాగరము 1927లోను పూర్తియైనవి. మురుగుకాలువకు ఎవ్వరును పూలదండ వేయరు గాని, ఊరి ఆరోగ్యము దానిమీదనే ఆధారపడి ఉండును.

ఇక నేటి సంగతి. మన కొళాయిలో వచ్చు కావేరి నీరు సుమారు 100 కిలోమీటర్ల దూరమునుండి, దాదాపు అర కిలోమీటరు ఎత్తు పంపులమీద ఎక్కి వచ్చుచున్నది. ఈ పథకపు మొదటి దశ 1974లో పూర్తికాగా, ఐదవ దశ 2024 అక్టోబరులో ప్రారంభమైనది. ఆ దశ ఒక్కటే రోజునకు 77.5 కోట్ల లీటర్లను తేవలసిన పథకము. ఇంత శ్రమపడి ఎత్తిన నీటిలో కొంత దారిలోనే కారిపోవును. ఎక్కడ కారుచున్నదో కనిపెట్టుట యంత్రవిద్య తెలిసినవాని పని. గొట్టములకు కొలతయంత్రములు అమర్చి, పంపుల స్థితిని, ఒత్తిడిని, తొట్లలోని నీటిమట్టమును ఒకచోట తెరపై చూచు ఏర్పాటును స్కాడా అందురు. భూమిలోని గొట్టములన్నిటికిని కంప్యూటరులో పటము గీయుట మరొకటి. మన పిల్లలు అమెరికా బ్యాంకుల లెక్కలకు చూపు నేర్పునే ఇక్కడ చూపవలెను.

"అవన్నియు కంపెనీలకు కాంట్రాక్టు ఇచ్చెదరు గదా, ఆఫీసులో ఇంజనీరు ఎందుకు?" అని మీరు అడుగవచ్చును. అసలు చిక్కు అక్కడనే ఉన్నది. టెండరు వ్రాయువానికి యంత్రము తెలియకపోయినచో, అమ్మువాడు చెప్పినదే వేదమగును. అక్కరలేని యంత్రము కొందురు; అక్కరైనది మరమ్మతు లేక మూలపడును; కాంట్రాక్టు ముగిసిన నాడు లెక్కలు ఎవరి చేతిలో ఉన్నవో తెలియదు. ఆఫీసులోపల కూర్చుండి, "ఇది మాకు వద్దు, ఇది కావలెను, ఈ లెక్కలు మావి" అని చెప్పగల ఒక్క మనిషి ఉండవలెను. అట్టి మనిషి దొరకని ఆఫీసులే ఎక్కువ.

అట్టివాడు ఉన్నచోట ఏమగునో కర్ణాటకపు భూమి పథకము చూపినది. పూర్వము పహణీలు గ్రామ లెక్కాధికారి చేతివ్రాతలో ఉండెడివి. కరణీకము చేసిన ఇండ్లవారు మన సభలోను ఉన్నారు గనుక ఎక్కువ చెప్పము! 2000 ప్రాంతములో సుమారు 2 కోట్ల పత్రములను కంప్యూటరుకు ఎక్కించి, తాలూకా ఆఫీసు కిటికీ వద్ద 15 రూపాయలకు పహణీ ఇచ్చు ఏర్పాటు జరిగినది. దీనిని నడిపినవారు రాజీవ్ చావ్లా అను ఐ.ఏ.ఎస్. అధికారి. అన్నిటికంటె మేలైన భాగము మరొకటి కలదు. పట్టా మార్పిడి దరఖాస్తులను వచ్చిన వరుసలోనే పరిష్కరించునట్లు యంత్రమును కట్టుదిట్టము చేసినారు. వెనుక వచ్చిన కాగితమును ముందుకు జరుపు వీలు ఉద్యోగికి లేకపోయినది. వరుస తప్పించు అధికారమే కదా చాలచోట్ల లంచమునకు మూలము!

ఇక ఈ కొలువులలోని కష్టములు దాచము. మొదటి జీతము పెద్ద కంపెనీలు ఇచ్చుదానికంటె తక్కువ కావచ్చును. ప్రమోషన్ నెమ్మది. బదిలీలు, పైవారి ఒత్తిడులు తప్పవు. కంప్యూటరు పనులలో పలుచోట్ల కాంట్రాక్టు ఉద్యోగములే ఇచ్చుచున్నారు. అవి పర్మనెంటు అగునని ఆశపడి చేరరాదు.

అయినను పని పెరుగుచున్నది. 1993లో అమలులోనికి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణ సంస్థలకు అప్పగింపదగిన 18 విషయములను పేర్కొన్నది. 2025లో బెంగుళూరు మహానగర పాలికె స్థానమున ఐదు నగరపాలక సంస్థలు ఏర్పడినవి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2న గ్రామ, వార్డు సచివాలయములు ప్రారంభమైనప్పుడు ఇంజనీరింగు సహాయకులు, డిజిటల్ సహాయకులు మున్నగు ఉద్యోగములు లక్షకు పైగా నింపబడినవి. అక్కడి మన బంధువుల పిల్లలు వాటికి పోటీపడినారు. ఇక్కడి మన పిల్లలకు ఇక్కడి కొలువులు ఉన్నవి.

అయితే వాటికి కన్నడము రావలెను. కర్ణాటక పబ్లిక్ సర్వీస్ కమీషన్ ఉద్యోగములకు కన్నడ పరీక్షలో నెగ్గుట తప్పనిసరి. పరీక్ష సంగతి అటుండనిండు. వాల్వు త్రిప్పు మనిషి చెప్పినది అర్థము చేసికొనలేని ఇంజనీరు వానికి పై అధికారి ఎట్లగును? ఏ వీధి చివర ఒత్తిడి తగ్గునో తెరకంటె ముందు వానికే తెలియును. మన పెద్దలు కన్నడము ధారాళముగా మాట్లాడిరి. తెలుగు లిపి వచ్చినవానికి కన్నడ లిపి పది దినముల పని. రెండును అక్కచెల్లెండ్ర వంటివి. కాని మన పిల్లలలో పలువురికి ఇంటి అక్షరమును రాదు, ఊరి అక్షరమును రాదు. ఇంగ్లీషుతో సరిపెట్టినాము. ఫలితముగా పుట్టిన ఊరిలోనే ఒక తలుపు మూసుకొన్నాము.

అందుచేత సంఘము తరఫున వచ్చే నెల మొదటి ఆదివారమునుండి ఈ హాలులోనే ఉదయము పది గంటలకు కన్నడ తరగతి నడుపవలెనని నిశ్చయించినాము. పాఠము చెప్పుటకు ఇద్దరు కన్నడ ఉపాధ్యాయులు ఒప్పుకొన్నారు. నీటి సరఫరా పనిలో రిటైరైన మన సభ్యులు కొందరు వారములో ఒక గంట పరీక్షల సంగతి, పని సంగతి చెప్పుదురు. ఆడపిల్లలు, మగపిల్లలు అందరును రావచ్చును. రుసుము లేదు. పేర్లను భోజనశాల గుమ్మము వద్దనున్న పుస్తకములో వ్రాయగోరుచున్నాము. తల్లిదండ్రులు నేర్చుకొనదలచినచో వారి పేర్లు కూడ అందులోనే వ్రాయవచ్చును.